మాయ ఒకటా, రెండా?

కవలల కాన్పుల గురించి డాక్టర్లలో ఒక వాదన చాలా కాలంగా నడుస్తోంది. ఒకే పిండం విడిపోయి పుట్టే కవలలకు అరుదుగా వచ్చే చిక్కుల్ని ఎంతవరకు వెతకాలి, ఎవరు వెతకాలి, కనిపించాక ఏం చేయాలి అన్నదే ఆ వాదన. దాన్ని ఇక్కడ ఇద్దరి నోట పలికిస్తున్నాను. ఒకరు పాలకొల్లులో నర్సింగ్ హోమ్ నడిపే పెద్ద డాక్టరమ్మ. ఇంకొకరు ఆమె దగ్గర పని నేర్చుకుని, తర్వాత ఫీటల్ మెడిసిన్ చదివి హైదరాబాద్‌లో స్థిరపడ్డ చిన్న డాక్టరమ్మ. మనుషులు కల్పితం. వాళ్లు మాట్లాడే వైద్యం కల్పితం కాదు.

పెద్ద డాక్టరమ్మ: మీ సిటీ వాళ్లతో నా తగువు ఒక్కటే అమ్మాయ్. కవలలు అనగానే తల్లిని హడలగొట్టేస్తారు. రెండు వారాలకోసారి రమ్మంటారు. నా దగ్గరికొచ్చే పిల్ల మొగల్తూరు నుంచో, యలమంచిలి లంకల నుంచో వస్తుంది. వచ్చిన రోజు ఆమె కూలి పోతుంది, తోడొచ్చినవాళ్ల కూలీ పోతుంది. ఎనిమిదో నెల దాకా అలా తిప్పి, చివరికి అంతా బాగానే ఉందని చెప్పడానికా?

చిన్న డాక్టరమ్మ: ఎక్కువమందికి బాగానే ఉంటుంది మేడమ్. నేను కవలలందరినీ రమ్మనడం లేదు. మాయ ఒక్కటే ఉన్నవాళ్లనే అడుగుతున్నాను. రెండు అండాల నుంచి వచ్చిన కవలలకు ఎవరి మాయ వాళ్లకుంటుంది. ఒకే అండం నుంచి విడిపోయిన కవలలు వెయ్యి కాన్పులకు మూడున్నర, నాలుగు, అంతే. వాళ్లలోనూ మొదటి మూడు రోజుల్లో విడిపోతే మాయలు రెండు వస్తాయి. నాలుగో రోజు నుంచి ఎనిమిదో రోజు మధ్య విడిపోతే మాయ ఒకటి, ఉమ్మనీటి సంచులు రెండు. ఇంకా ఆలస్యమైతే మాయా ఒకటే, సంచీ ఒకటే. ఇలా అచ్చుగుద్దినట్టుండే కవలల్లో సుమారు మూడింట రెండొంతుల మంది ఒకే మాయ మీద పెరుగుతారు. నా భయమంతా వాళ్ల గురించే.

పెద్ద డాక్టరమ్మ: ఒకే మాయ అయితే మాత్రం? అందులో పండంటి బిడ్డలు పుట్టడం లేదా?

చిన్న డాక్టరమ్మ: పుడుతున్నారు. కానీ ఆ మాయ మీద ఇద్దరి రక్తనాళాలూ కలిసిపోయి ఉంటాయి. జర్మన్ వైద్యుడు ఫ్రెడ్రిక్ షాట్జ్ 19వ శతాబ్దంలోనే దీన్ని గుర్తించి, మూడో రక్తప్రసరణ అన్నాడు. మన డెల్టాలో ఒకే బోదె మీద రెండు చేలున్నట్టు అనుకోండి. ఇటు వచ్చింది అటు, అటు వచ్చింది ఇటు సమంగా పారినంత కాలం గొడవ లేదు. ఒకే మాయ కవలల్లో నూటికి 10 నుంచి 15 మందిలో ఆ సమం తప్పుతుంది. ఒక బిడ్డ రక్తం రెండో బిడ్డలోకి పోతూనే ఉంటుంది. దాన్నే ట్విన్ టు ట్విన్ ట్రాన్స్‌ఫ్యూజన్ అంటున్నాం. 26 వారాల లోపు అది ముదిరితే, ఏమీ చేయకుండా వదిలేస్తే ఎక్కువ కాన్పుల్లో ఇద్దరూ దక్కరు.

పెద్ద డాక్టరమ్మ: నూటికి పదిహేను అంటున్నావు. అంటే ఎనభై అయిదు మందిని ఊరికే తిప్పుతున్నావు.

చిన్న డాక్టరమ్మ: ఆ ఎనభై అయిదు మంది ఎవరో ముందే చెప్పగలిగే పరీక్ష ఉంటే తిప్పను. లేదు. మాయ మీద నాళాలు ఎలా కలిశాయో కడుపులో ఉండగా స్కానింగ్‌లో పూర్తిగా కనబడదు. వాటి ఫలితం మాత్రం కనబడుతుంది, అదీ వారాల్లో మారిపోతుంది. పద్దెనిమిదో వారంలో బాగున్న తల్లి ఇరవయ్యో వారానికి పొట్ట బిగుసుకుపోయి, ఊపిరాడక వస్తుంది. అందుకే 16వ వారం నుంచి రెండు వారాలకోసారి అంటున్నాం.

పెద్ద డాక్టరమ్మ: సరే, అసలు మాయ ఒకటో రెండో ఎవరు చెబుతున్నారు? నా దగ్గరికొచ్చే రిపోర్టులు చూడు. 'ట్విన్ లైవ్ ప్రెగ్నెన్సీ' అని రాసి, రెండు గుండెల వేగం రాసి సంతకం పెడతారు. అయిదో నెలలో నేను మళ్లీ పంపిస్తే 'సింగిల్ ప్లసెంటా' అని రాస్తారు. నిజానికి పక్కపక్కన పెరిగిన రెండు మాయలు అయిదో నెలకి అతుక్కుపోయి ఒకటిలా కనిపిస్తాయి. ఆ మాట నమ్మి నేను ఎవరిని తిప్పాలి, ఎవరిని వదలాలి?

చిన్న డాక్టరమ్మ: మీరే నా మాట చెప్పారు మేడమ్. అది తేల్చాల్సింది 11 నుంచి 14 వారాల మధ్య. రెండు సంచుల మధ్య పొర మాయకు తగిలే చోట చూడాలి. మాయలు రెండైతే ఆ చోట పొరల మధ్యలోకి మాయ కండ కాస్త చొచ్చుకొచ్చి, గ్రీకు అక్షరం లాంబ్డా ఆకారంలో కనిపిస్తుంది. మాయ ఒకటైతే పొర పల్చగా, నిటారుగా వచ్చి టి అక్షరంలా తగులుతుంది. నాలుగో నెల దాటాక లాంబ్డా గుర్తు కొందరిలో చెరిగిపోతుంది. ఆ మూడు వారాల్లో, ఆ ఒక్క మూల మీద ప్రోబ్ పెట్టి ఫొటో తీసి రిపోర్టుకు జతచేస్తే చాలు. అదనంగా పైసా ఖర్చు లేదు.

పెద్ద డాక్టరమ్మ: వేరే దేశాల్లో ఇంకో దారి కూడా ఉంది కదా. ఒకరు ఆడ, ఒకరు మగ అయితే మాయలు రెండే అని రిపోర్టులో రాసేస్తారు.

చిన్న డాక్టరమ్మ: మన దగ్గర ఆ మాట రిపోర్టులో ఉండకూడదు. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం ఉంది, ఉండి తీరాలి కూడా. అందుకే మనకు ఆ పొర గుర్తు ఇంకా ముఖ్యం. ఇంకో సంగతి. ఐవీఎఫ్‌లో రెండు పిండాలు పెట్టారు కాబట్టి వేరు వేరు కవలలే అని ఊహించుకుంటున్నారు. ఒకటి నిలవకుండా పోయి, రెండోది రెండుగా విడిపోయి ఉండొచ్చు. ఒక్క పిండమే పెట్టినా ఇద్దరు కనిపించే కేసులున్నాయి. అయిదు రోజులు పెంచి పెట్టే పిండాల్లో ఈ విడిపోవడం మామూలు గర్భం కన్నా ఎక్కువ.

పెద్ద డాక్టరమ్మ: మాయ సంగతి ఒప్పుకుంటాను. స్కానింగ్ చేసే ప్రతివాడి చేతా అది రాయించాలి. కానీ ఆ తర్వాత నువ్వు అడిగేవన్నీ నేను ఒప్పుకోను. రెండు వారాలకోసారి చూడటానికి నీ దగ్గరికే ఎందుకు రావాలి? అందులో చూసేదేమిటి? ఉమ్మనీరు, మూత్రాశయం. అది నా దగ్గర కనబడదా?

చిన్న డాక్టరమ్మ: కనబడుతుంది. రక్తం పోగొట్టుకుంటున్న బిడ్డకు మూత్రం తగ్గిపోతుంది. ఉమ్మనీరు చాలావరకు బిడ్డ మూత్రమే కాబట్టి ఆ సంచి ఇంకిపోతుంది. రక్తం ఎక్కువైన బిడ్డ ఆగకుండా పోస్తుంది, ఆ సంచి ఉబ్బిపోతుంది. ఒకవైపు లోతైన చోట నీరు 2 సెంటీమీటర్ల లోపు, రెండో వైపు 8 సెంటీమీటర్లు దాటితే అదే జబ్బు. 20 వారాలు దాటాక యూరప్‌లో రెండో కొలతను 10 సెంటీమీటర్లకు పెంచుకుంటారు. అయితే చేయి తిరగనివాళ్లు ఒకచోట మోసపోతారు. నీరు ఇంకిన సంచి పొర బిడ్డకు చుట్టుకుని అతుక్కుపోతుంది. మధ్యలో పొరే కనబడదు. దాంతో 'ఒకే సంచి, నీళ్లు ఎక్కువగా ఉన్నాయి' అని రాసేస్తారు.

పెద్ద డాక్టరమ్మ: అది నాకు చెప్పకు. తల్లిని పక్కకు తిరిగి పడుకోమంటాను. స్వేచ్ఛగా ఉన్న బిడ్డ కిందికి జారుతుంది. పొర బిగిసినదైతే గర్భసంచి గోడకు అంటుకుని అక్కడే వేలాడుతుంది. ఎటు తిప్పినా కదలదు. ఆ ఒక్కటీ చూస్తే చాలు, రక్తవేగం కొలిచే డాప్లర్ అక్కర్లేదు.

చిన్న డాక్టరమ్మ: మీకు తెలుసు కాబట్టే అంటున్నాను, ఆ రెండు వారాల స్కానింగ్ మీ దగ్గరే జరగొచ్చు. నీటి తేడా కనిపించిన రోజు మాత్రం ఆలస్యం చేయకుండా పంపండి. 'వచ్చే నెల చూద్దాం' అనడానికే నేను వ్యతిరేకం.

ఇక్కడ ఇద్దరూ దగ్గరికొచ్చారు. మన రెండు రాష్ట్రాల్లో ఈ జబ్బు ఆలస్యంగా బయటపడటానికి పెద్ద యంత్రాలు లేకపోవడం కన్నా, ఉన్న యంత్రంతో ఆ రెండు కొలతలు రాయకపోవడమే ఎక్కువ కారణమని నేననుకుంటున్నాను. అసలు పేచీ కనిపించాక ఏం చేయాలన్న దగ్గర.

పెద్ద డాక్టరమ్మ: పంపిస్తే ఏం చేస్తావు? లేజర్ అంటావు. కడుపులోకి గొట్టం దూర్చి, మాయ మీద నాళాలు కాలుస్తానంటావు. సంచి చిరుగుతుంది, నొప్పులు మొదలవుతాయి, ఒక బిడ్డ పోవచ్చు. ఖర్చా, చిన్నది కాదు. నీళ్లు తీసేస్తే తల్లికి ఊపిరాడుతుంది, రోజులు కలిసొస్తాయి. అది నేను ఇక్కడే చేయగలను.

చిన్న డాక్టరమ్మ: నీళ్లు తీస్తే పొట్ట తగ్గుతుంది, రక్తం పారడం ఆగదు. మళ్లీ నిండుతుంది. ఇది ఊహగా చెప్పడం లేదు. అమెరికాలో జూలియన్ డి లియా లేజర్ పద్ధతిని 1990లో ప్రచురించాడు. తర్వాత యూరప్‌లో ఈ రెండు పద్ధతుల్నీ 142 మంది తల్లుల్లో పోల్చి చూశారు. 2004లో ఫలితాలు వచ్చాయి. కనీసం ఒక బిడ్డ పుట్టి 28 రోజులు బతికిన కాన్పులు లేజర్‌లో నూటికి 76, నీళ్లు తీసినవాళ్లలో 56. తేడా అంత స్పష్టంగా ఉండటంతో పరీక్షను మధ్యలోనే ఆపేశారు. నాకు ఇంకా ముఖ్యమైన అంకె వేరే ఉంది. మెదడులో బుడగల్లాంటి దెబ్బ లేజర్ పిల్లల్లో నూటికి 6, రెండో వైపు 14. బతకడం ఒక్కటే కాదు మేడమ్, ఎలా బతుకుతారన్నది కూడా చూడాలి.

పెద్ద డాక్టరమ్మ: నూటికి 76 అంటే ఇరవై నాలుగు ఇళ్లలో ఎవరూ దక్కలేదు. ఆ మాట తల్లికి చెబుతున్నారా?

చిన్న డాక్టరమ్మ: చెప్పాలి. చెప్పకుండా సంతకం తీసుకునేవాళ్లుంటే అది తప్పే. ఇప్పుడు చేయి తిరిగిన చోట్ల కనీసం ఒక బిడ్డ దక్కడం ఇంతకన్నా ఎక్కువ. ఇద్దరూ దక్కేది మూడింట రెండొంతుల మందికి. అయినా చాలామంది నెలలు నిండకుండానే, ఎనిమిదో నెల అటూ ఇటూగా పుడతారు. సంచి ముందే చిరగడం ఇప్పటికీ మా చేతుల్లో లేని చిక్కు.

పెద్ద డాక్టరమ్మ: అందుకే తొందరపడొద్దంటున్నాను. రూబెన్ క్వింటెరో 1999లో చేసిన అయిదు దశల విభజన నాకూ తెలుసు. మొదటి దశలో నీటి తేడా ఒక్కటే ఉంటుంది, రక్తం పోగొట్టుకుంటున్న బిడ్డ మూత్రాశయం ఇంకా నిండుతూనే ఉంటుంది. అది కనబడకుండా పోతే రెండో దశ. డాప్లర్ చెడితే మూడు, ఒంట్లో నీరు చేరితే నాలుగు. అయిదు గురించి మాట్లాడక్కర్లేదు. మొదటి దశలోనే లేజర్ వేసేయాలని ఊగిపోయినవాళ్లు 2021లో వచ్చిన ఫలితాలు చూశారా? మొదటి దశలో వెంటనే లేజర్ వేసినవాళ్లూ, కనిపెట్టుకుని ఉన్నవాళ్లూ చివరికి దాదాపు ఒకేలా తేలారు.

చిన్న డాక్టరమ్మ: తేలారు. కనిపెట్టుకుని ఉన్నవాళ్లలో సగానికి పైగా తర్వాత లేజర్ అవసరమైంది కూడా. అంటే ఆగొచ్చు, కానీ కళ్లెదుట ఉంచుకుని ఆగాలి. లేజర్ ఉన్న ఊరికి దగ్గరలో ఉండాలి. మొదటి దశలో ఉన్న తల్లిని లంకకు పంపేసి నెల తర్వాత రమ్మనడం ఆగడం కాదు.

పెద్ద డాక్టరమ్మ: అది నేనూ అనను. ఆ పిల్లను ఇక్కడే మా హాస్పిటల్లో పడుకోబెట్టి, వారానికి రెండుసార్లు చూసి, మూత్రాశయం కనబడని రోజు రాత్రి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కిస్తాను. మొదటి దశ అనగానే ఇల్లు అమ్ముకుని హైదరాబాద్‌లో గది అద్దెకు తీసుకోమని మాత్రం చెప్పను.

ఈ ఒక్క విషయంలో నేను పెద్ద డాక్టరమ్మ పక్షం. 2021 ఫలితాలు ఆవిడ అనుభవానికి బలమిచ్చాయి. తర్వాతి చిక్కు దగ్గర మాత్రం ఆవిడ వైపు నిలబడటం కష్టం.

చిన్న డాక్టరమ్మ: మరి ట్యాప్స్ అనే ఇంకో జబ్బు సంగతి? అక్కడ నీటి తేడా ఉండదు. మిల్లీమీటరు కన్నా సన్నటి నాళాల్లోంచి చుక్క చుక్కగా రక్తం పోతుంది. ఒకరు రక్తహీనతలోకి జారతారు, రెండోవారి రక్తం చిక్కబడుతుంది. మీ మూత్రాశయం, నీటి కొలత రెండూ మామూలుగానే ఉంటాయి. నెదర్లాండ్స్‌లో లైడెన్ వైద్యులు 2007 ప్రాంతంలో దీన్ని వేరుచేసి పేరు పెట్టారు. దానంతటది వచ్చేది ఒకే మాయ కవలల్లో నూటికి 3 నుంచి 5. మేము లేజర్ వేసినప్పుడు సన్న నాళాలు మిగిలిపోతే కూడా వస్తుంది.

పెద్ద డాక్టరమ్మ: పుట్టాక నేను చూశాను. ఒకడు తెల్లగా పాలిపోయి, ఒకడు ఎర్రగా కందిపోయి.

చిన్న డాక్టరమ్మ: 1617లో ఆమ్‌స్టర్‌డామ్ మేయర్ కుటుంబంలోని పసికందుల్ని గీసిన బొమ్మ ఒకటుంది. గుడ్డల్లో చుట్టిన ఇద్దరు. ఒకరి ముఖం పాలిపోయి, ఇంకొకరిది ఎర్రగా ఉంటుంది. చిత్రకారుడు చూసినదే గీశాడని కొందరు వైద్యులు నమ్ముతారు. మేము దాన్ని పుట్టకముందే పట్టుకోవాలంటున్నాం. బిడ్డ మెదడులోని మధ్య ధమనిలో రక్తవేగం కొలిస్తే తెలుస్తుంది. రక్తం పల్చబడిన బిడ్డలో వేగం ఆ వారానికి ఉండాల్సిన దానికి ఒకటిన్నర రెట్లు దాటుతుంది, రెండో బిడ్డలో మామూలు కన్నా తగ్గుతుంది. 20వ వారం నుంచి ప్రతిసారీ ఇది కొలవమని అంతర్జాతీయ ప్రసూతి అల్ట్రాసౌండ్ సంస్థ 2016లో చెప్పింది.

పెద్ద డాక్టరమ్మ: బ్రిటన్ వాళ్ల వైద్య మార్గదర్శక సంస్థ నైస్ 2019లో ఏం చెప్పింది? చిక్కులేవీ లేని ఒకే మాయ గర్భాల్లో దీన్ని మామూలుగా వెతకమని చెప్పలేదు. లేజర్ అయినవాళ్లలో, ఒక బిడ్డ బాగా ఎదగనివాళ్లలో వారంవారం చూడమంది. ఎందుకంటే కనిపెట్టాక ఏ వైద్యం మేలో మీకే తెలియదు. కడుపులోని బిడ్డకు రక్తం ఎక్కించాలా, లేజర్ వేయాలా, ముందే కాన్పు చేయాలా, ఊరికే చూస్తూ ఉండాలా? తేలని దానికి తల్లి గుండెలో గుబులు ఎందుకు పెట్టాలి?

చిన్న డాక్టరమ్మ: వైద్యం ఏది మేలో తేలలేదు, నిజమే. కానీ కాన్పు టేబుల్ దగ్గర పాలిపోయిన బిడ్డకు ఎక్కించడానికి రక్తం సిద్ధంగా ఉందా లేదా అన్నది తేలిన విషయమే. తెలిస్తే పిల్లల డాక్టరు ఎదురుచూస్తూ ఉంటాడు. రక్తం పోగొట్టుకున్న బిడ్డల్లో వినికిడి పోవడం లైడెన్‌లో చూశారు. ముందే తెలిస్తే ఆ పరీక్ష తొలి వారాల్లోనే చేస్తాం. ఇక లేజర్ వల్ల వచ్చే ట్యాప్స్ సంగతి మేము సరిదిద్దుకున్నాం. కాల్చిన చుక్కల్ని కలుపుతూ మాయ మీద ఈ చివర నుంచి ఆ చివరకు గీత గీస్తున్నాం. 2014లో ప్రచురించిన పోలికలో దాంతో ట్యాప్స్ నూటికి 16 నుంచి 3కు పడింది.

పెద్ద డాక్టరమ్మ: రక్తం సిద్ధంగా ఉంచే మాట సబబుగా ఉంది. కానీ ఆ ధమని వేగం కొలవడం నా దగ్గర స్కానింగ్ చేసే కుర్రాడికి రాదు. కోణం కాస్త తప్పితే అంకె తప్పుతుంది. తప్పు అంకెతో నేను ఎవరి పొట్టా కోయను.

చిన్న డాక్టరమ్మ: 20, 24, 28 వారాలకు మా దగ్గరికి పంపండి. మిగతా మీ దగ్గరే.

పెద్ద డాక్టరమ్మ: ఆలోచిస్తాను. ఇప్పుడు నా ప్రశ్నకు జవాబు చెప్పు. ఇద్దరిలో ఒకరు కడుపులోనే పోయారు. ఏడో నెల. కుటుంబమంతా 'రెండోదాన్నైనా కాపాడండి, కోసెయ్యండి' అని కాళ్లు పట్టుకుంటారు. చాలాచోట్ల కోసేస్తున్నారు.

చిన్న డాక్టరమ్మ: కోయకూడదు. మాయ ఒకటైతే ఒకరి గుండె ఆగిన నిమిషాల్లోనే రెండో బిడ్డ రక్తం చనిపోయిన బిడ్డ వైపు జారిపోతుంది. దెబ్బ అప్పుడే తగులుతుంది. రెండో బిడ్డ కూడా పోయే ప్రమాదం నూటికి 15 వరకు, మెదడు దెబ్బతినే ప్రమాదం పాతిక దాకా ఉంటుంది. మర్నాడు కోస్తే ఆ దెబ్బ పోదు. దాని మీద నెలలు నిండని కష్టం కూడా కలుస్తుంది. రక్తహీనత ఉందేమో చూసి, నాలుగు వారాల తర్వాత కడుపులోని బిడ్డ మెదడుకు ఎం.ఆర్.ఐ. తీయాలి.

పెద్ద డాక్టరమ్మ: అమ్మయ్య. ఇందులో మనిద్దరిదీ ఒకే మాట. తల్లికి హాని అని కూడా భయపెడతారు, చచ్చిన బిడ్డ విషం ఎక్కుతుందని. అది అబద్ధం.

చిన్న డాక్టరమ్మ: ఇంకో రకం ఉంది. 'ఒక బిడ్డకు గుండె లేదు, పోయింది' అని పన్నెండో వారంలో రాస్తారు. మళ్లీ చూస్తే ఆ పోయిన బిడ్డ పెరిగి ఉంటుంది. గుండె లేని ఆ బిడ్డను రెండో బిడ్డే తన రక్తంతో పోషిస్తోందన్నమాట. 35 వేల గర్భాల్లో ఒకటని పాత పుస్తకాలు రాశాయి. దాన్ని మోసే బిడ్డ గుండె అలిసిపోతుంది. కలర్ డాప్లర్ పెట్టి, రక్తం ఆ బిడ్డలోకి వెళుతోందా అని ఒక్కసారి చూస్తే తెలిసిపోతుంది. తెలిస్తే ఆ నాళాన్ని మూసేసి రెండో బిడ్డను కాపాడే వీలుంది.

పెద్ద డాక్టరమ్మ: ఒకే సంచిలో ఇద్దరూ ఉంటే?

చిన్న డాక్టరమ్మ: బొడ్డుతాళ్లు మెలిపడటం దాదాపు అందరిలోనూ కనిపిస్తుంది. మెలి చూసి కంగారుపడక్కర్లేదు. 32, 34 వారాల మధ్య సిజేరియన్ చేయాలి, అంతకుముందు ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇవ్వాలి. పసికందుల ఐసీయూ లేని చోట ఆ కాన్పు పెట్టుకోకూడదు.

పెద్ద డాక్టరమ్మ: నా దగ్గర లేదు. పెట్టుకోను. కానీ నా ఆఖరి మాట విను. నువ్వు చెప్పినవన్నీ నిజమే అయినా, ఈ తల్లికి దారి ఖర్చు ఎవరిస్తారు? లేజర్ చేసే డాక్టర్లు ఏ ఊళ్లో ఎంతమంది ఉన్నారు? జబ్బు పేరు చెప్పి, వైద్యం అందనంత దూరంలో నిలబెట్టడం కూడా క్రూరత్వమే.

చిన్న డాక్టరమ్మ: క్రూరత్వమే మేడమ్. దానికి జవాబు చూడకపోవడం మాత్రం కాదు. పేరు తెలియకుండా ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లి లెక్కలోకే రాదు. లెక్కలో లేనిదానికి ఏ ప్రభుత్వమూ డబ్బు పెట్టదు.

పెద్ద డాక్టరమ్మ ఈ మాటకు ఒప్పుకోలేదు, ఎదురూ చెప్పలేదు. ఒకే మాయ ఉన్న ప్రతి తల్లినీ నగరానికి పంపడానికి ఆవిడ ఇప్పటికీ సిద్ధంగా లేరు. కానీ 16వ వారం నుంచి రెండు వారాలకోసారి నీటి కొలతా, మూత్రాశయమూ తన దగ్గరే చూస్తారు. తేడా ఉంటే అదే రోజు ఫోన్ చేస్తారు. నా తీర్పు ఇదీ: ట్యాప్స్ మీద డాక్టర్లు ఇంకా వాదించుకోవచ్చు, మొదటి దశలో లేజర్ మీద వాదించుకోవచ్చు. 11, 14 వారాల మధ్య మాయ ఒకటో రెండో రాయడం మీద వాదించడానికి ఏమీ లేదు. దాన్ని రాయని రిపోర్టు అసంపూర్తి రిపోర్టు.

మీ ఇంట్లో ఎవరికైనా కవలలని తెలిస్తే మూడో నెల దాటకముందే స్కానింగ్ చేయించండి. ఆడా మగా అని అడగకండి, చట్టం ఒప్పుకోదు. 'మాయ ఒకటా, రెండా? సంచి ఒకటా, రెండా?' అని అడగండి. జవాబు రిపోర్టులో రాయించుకుని, ఫొటోతో సహా దాచి, కాన్పు అయ్యేదాకా వెళ్లిన ప్రతి చోటా చూపించండి. ఒకటే అని రాస్తే 16వ వారం తేదీ ఆ రోజే వేయించుకోండి. మధ్యలో రెండు మూడు రోజుల్లో పొట్ట ఒక్కసారిగా పెరిగి బిగుసుకుపోయినా, ఊపిరి అందకపోయినా, ఆ తేదీ దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.